కణమరణంలో కర్త ఎవరు?

శరీరంలోని ఒక కణం తనలోనే ఉన్న జన్యువుల ప్రేరణతో, తానే తయారుచేసుకున్న ఎంజైములతో, ఒక క్రమం ప్రకారం విచ్ఛిన్నమై మరణించే ప్రక్రియను జీవశాస్త్రం అపోప్టోసిస్ అంటుంది. దెబ్బ తగిలో, కాలో, విషం సోకో కణం ఉబ్బి పగిలిపోవడం వేరే సంగతి. అప్పుడు కణంలోని పదార్థమంతా చుట్టూ చిందిపడి వాపు పుడుతుంది. అపోప్టోసిస్‌లో మాత్రం కణం ముడుచుకొని, పొర చుట్టిన చిన్నచిన్న తునకలుగా విడిపోయి, పక్క కణాలకు ఆహారమై, ఏ అలజడీ లేకుండా మాయమవుతుంది. ఈ ప్రక్రియను వివరించే రచనలు ఒకచోట దీన్ని కణం చేసుకునే ఆత్మహత్య అనీ, మరొకచోట శరీరం కోసం కణం చేసే త్యాగమనీ వర్ణించడం పరిపాటి అయింది. ధర్మశాస్త్రాలు ఆత్మహత్యను పాపాల్లో చేర్చాయి, పురాణాలు దధీచి ఎముకల దానాన్ని పుణ్యానికి పరాకాష్ఠగా కీర్తించాయి. అంటే ఒకే సంఘటన మీద రెండు విరుద్ధమైన తీర్పులు వెలువడుతున్నాయన్నమాట. అయినా రెండింటికీ పునాది ఒకటే. చేసేవాడు ఒకడున్నాడనీ, వాడికి సంకల్పం ఉందనీ అనుకుంటే తప్ప పాపమనీ పుణ్యమనీ అనడానికి వీలుండదు. ఆ చేసేవాడు కణంలో ఎక్కడున్నాడన్నదే అసలు ప్రశ్న.

జీవి పెరుగుదలలో కణాలు సహజంగానే చనిపోతాయన్న సంగతి కొత్తది కాదు. 1842లోనే కార్ల్ ఫోగ్ట్ కప్పజాతి పిల్లల్లో దీన్ని గమనించాడు, 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు దీని స్వరూపాన్ని స్పష్టంగా వర్ణించి ఇప్పటి పేరు పెట్టారు. అయితే ఈ మరణం వెనుక జన్యువులున్నాయని రుజువైంది మాత్రం సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో. సిడ్నీ బ్రెన్నర్ కేంబ్రిడ్జిలో ఈ పురుగును పరిశోధనకు ఎంచుకున్నాడు. దాని శరీరం పారదర్శకం కావడంతో జాన్ సల్‌స్టన్ సూక్ష్మదర్శిని ముందు గంటల తరబడి కూర్చొని, ఒక్కొక్క కణం ఎప్పుడు పుడుతుందో, ఎలా విభజన చెందుతుందో, చివరికి ఏమవుతుందో బొమ్మలు గీస్తూ నమోదు చేశాడు. ఆ వంశవృక్షం ప్రకారం, బీజకణాలను పక్కన పెడితే, ఈ పురుగులో 1090 కణాలు పుడతాయి, 959 మిగులుతాయి, 131 చనిపోతాయి. చనిపోయే 131లో 113 పురుగు ఇంకా గుడ్డులో ఉండగానే పోతాయి. ఏ పురుగును చూసినా చనిపోయేవి అవే కణాలు, ఇంచుమించు అదే సమయానికి. సూక్ష్మదర్శినిలో ఆ కణం ఉన్నట్టుండి గుండ్రంగా, మెరిసే బొత్తాంలా కనిపిస్తుంది. గంట తిరిగేసరికి పక్క కణం దాన్ని మింగేస్తుంది, ఆ చోట గుర్తు కూడా మిగలదు.

చనిపోవాల్సిన కణాలు చనిపోకుండా మిగిలిన పురుగులను వెతకడం ద్వారా రాబర్ట్ హోర్విట్జ్ బృందం ఈ మార్గంలోని జన్యువులను ఒక్కొక్కటిగా పట్టుకుంది. సెడ్-3, సెడ్-4 అనే రెండు జన్యువుల్లో ఏది చెడినా 131 కణాలూ బతుకుతాయని 1986లో తేలింది. సెడ్-9 అనేది దీనికి విరుద్ధమని 1992లో వెల్లడైంది. అది లేని పురుగుల్లో బతకాల్సిన కణాలు కూడా చనిపోతాయి. ఈ మూడింటికీ పైన ఉండే ఈజీఎల్-1 జన్యువు సంగతి 1998లో బయటపడింది. వీటి వరుస ఇలా ఉంటుంది: సెడ్-3 ప్రోటీన్లను నిర్ణీత స్థానాల్లో కత్తిరించే ఎంజైము, ఇలాంటి వాటిని కాస్పేజులంటారు, దాన్ని మేల్కొలిపేది సెడ్-4, సెడ్-4ను మైటోకాండ్రియా ఉపరితలం మీద పట్టి ఉంచేది సెడ్-9, ఈజీఎల్-1 వచ్చి సెడ్-9కు అతుక్కుంటే సెడ్-4 విడుదలవుతుంది, అలా విడుదలైన ఎనిమిది సెడ్-4 అణువులు ఒక చక్రంలా కూడుకొని సెడ్-3ని పనిలోకి దించుతాయి. బ్రెన్నర్, సల్‌స్టన్, హోర్విట్జ్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పురుగు మీద చేసిన కృషికే.

ఈ వరుసలో తత్త్వచింతనకు అందవలసిన విషయం ఒకటుంది. చంపే పరికరం చావు సమయానికి కొత్తగా తయారయ్యేది కాదు. బతికి ఉన్న కణంలో కూడా సెడ్-3, సెడ్-4 సిద్ధంగానే ఉంటాయి, వాటిని ఆపి ఉంచడమే సెడ్-9 పని. చెరువులో నీరు ఎప్పుడూ ఉంటుంది, తూము తెరవడమే తరువాయి. మృత్యువు యముడిలా బయటి నుంచి పాశం పట్టుకొని వచ్చేదా, లేక జన్మతోపాటే లోపల చేరి ఉండేదా అన్న పాత ప్రశ్నకు, కణం మట్టుకు, రెండో జవాబే సరిపోతుంది.

కర్త ఎవరన్న ప్రశ్నకు మహాభారతంలో ఒక కథ ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వస్తుంది. తిక్కన తెలిగించిన పదిహేను పర్వాల్లో ఒకటైన ఆనుశాసనికానికి మూలమైన పర్వం మొదట్లో, తన వల్లే ఇంత హత్య జరిగిందని కుమిలిపోతున్న ధర్మరాజుకు అంపశయ్య మీది భీష్ముడు గౌతమి కథ చెబుతాడు. గౌతమి కొడుకు పాము కాటుకు చనిపోతే, అర్జునకుడనే వేటగాడు ఆ పామును కట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావని ఆమెను అడుగుతాడు. పామును చంపితే బిడ్డ బతకడు కాబట్టి వదిలేయమంటుంది గౌతమి. వేటగాడు ఒప్పుకోడు. అప్పుడు పాము, తాను స్వతంత్రురాలిని కాననీ మృత్యువు ప్రేరేపిస్తే కరిచాననీ అంటుంది. మృత్యువు వచ్చి తనను కాలుడు ప్రేరేపించాడంటుంది. కాలుడు వచ్చి, పాముదీ కాదు, మృత్యువుదీ కాదు, తనదీ కాదు, ఆ పిల్లవాడి కర్మే వాణ్ణి చంపిందంటాడు. నడుమ వేటగాడికీ పాముకూ జరిగే వాదం తర్కశాస్త్రానికి తీసిపోదు: కుండకు సారె, కర్ర కారణమైనట్టే నువ్వూ కారణమేనని వేటగాడంటే, సారె, కర్ర కారణాలైనా స్వతంత్రాలు కావుగదా అని పాము బదులిస్తుంది.

కోరలున్న సెడ్-3ని దోషిగా పట్టుకుంటే అది సెడ్-4ను చూపిస్తుంది, సెడ్-4 తనను వదిలేసిన సెడ్-9ను చూపిస్తుంది, సెడ్-9 ఈజీఎల్-1ను చూపిస్తుంది. ఇంతవరకు కథా, జీవశాస్త్రమూ కలిసే నడుస్తాయి. ఆ తరవాత దారులు చీలతాయి. కథ కర్మ దగ్గర ఆగుతుంది, ఎందుకంటే దాని లక్ష్యం ధర్మరాజు దుఃఖాన్ని ఉపశమింపజేయడం, పగను చల్లార్చడం. జీవశాస్త్రానికి ఆగే చోటు లేదు. పురుగు గొంతు భాగంలోని ఎన్‌ఎస్‌ఎమ్ అనే నాడీకణం విషయమే చూస్తే, దాని తల్లికణం రెండు అసమాన భాగాలుగా విడిపోతుంది. పెద్ద బిడ్డ నాడీకణమై జీవిస్తుంది, చిన్న బిడ్డలో ఈజీఎల్-1 తెరుచుకొని అది పుట్టిన అరగంట లోపే మరణిస్తుంది. సెస్-1 అనే నియంత్రక జన్యువు మితిమీరి పనిచేసే పురుగుల్లో ఈ చిన్న బిడ్డ కూడా బతుకుతుంది. ఆ అరగంట ప్రాణి ఏ కర్మ చేసింది? పూర్వకర్మ అందామంటే, కర్మసిద్ధాంతానికి ప్రాణమైన షరతు ఒకటి అడ్డొస్తుంది: చేసినవాడూ అనుభవించేవాడూ ఒక్కడే కావాలి. ఇక్కడ ముందున్నది తల్లికణం, దాని ముందు దాని తల్లికణం, అంతే. అనుభవించేవాడు మారకుండా కొనసాగితేనే కర్మఫలానికి అర్థం; వంశానుక్రమాన్ని కర్మ అని పిలిస్తే మాట మిగులుతుంది గాని సిద్ధాంతం మిగలదు.

న్యాయదర్శనం కర్తను నిర్వచించడంలో మరింత కచ్చితంగా వ్యవహరించింది. నైయాయికుల ప్రకారం కర్త అనిపించుకోవాలంటే మూడు ఉండాలి: చేయబోయే పని గురించిన జ్ఞానం, దాన్ని చేయాలన్న ఇచ్ఛ, ఆ ఇచ్ఛ నుంచి పుట్టిన ప్రయత్నం. జైనులు సల్లేఖనను, అంటే ఆహారాన్ని క్రమంగా విడిచి దేహాన్ని చాలించే వ్రతాన్ని, ఆత్మహత్య నుంచి వేరుచేసేది కూడా ఈ అంతరంగ లక్షణాల ఆధారంగానే. రాగద్వేషాలు లేని సంకల్పం గనుక అది ఆత్మహత్య కాదని వారి ఆచార్యుల వాదం. 2015లో రాజస్థాన్ హైకోర్టు దాన్ని ఆత్మహత్యగా పరిగణించినప్పుడూ, అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినప్పుడూ వివాదం సంకల్పం చుట్టూనే తిరిగింది. కణానికి సంకల్పమే లేదు కాబట్టి ఈ వివాదంలో ఏ పక్షానికీ అది సాక్షి కాలేదు. కణమరణాన్ని ఆత్మహత్య అనడం ఎంత పొరపాటో, సల్లేఖనకు ప్రకృతిలోని ఉపమానంగా చూపడమూ అంతే పొరపాటు.

మనిషి శరీరంలో ఇదే మార్గం మరింత చిక్కుపడి ఉంటుంది. సెడ్-9కు సాటి వచ్చేది బీసీఎల్-2 అనే జన్యువు. మానవ బీసీఎల్-2ను పురుగులో పెడితే అక్కడి కణమరణాన్ని అడ్డుకుంటుందని 1992లో డేవిడ్ వాక్స్, సహచరులు చూపారు. పురుగుకూ మనిషికీ ఉమ్మడి పూర్వీకులు ఉండి యాభై కోట్ల సంవత్సరాలకు పైగా గడిచినా ఈ భాగం ఒకదానికి బదులు మరొకటి పనిచేస్తున్నదంటే, ఈ ఏర్పాటు ఎంత ప్రాచీనమో ఊహించవచ్చు. మనిషిలో అదనంగా వచ్చి చేరింది సైటోక్రోమ్-సి. ఇది మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లను చేరవేస్తూ శ్వాసక్రియ ద్వారా కణానికి శక్తి సమకూర్చే చిన్న ప్రోటీన్. మైటోకాండ్రియా బయటి పొరకు చిల్లులు పడి అది బయటికొస్తే, అపాఫ్-1 అనే ప్రోటీన్‌ను కదిలించి కాస్పేజులను మేల్కొల్పుతుంది. ప్రాణాధారమైన అణువే చోటు మారితే మరణవార్త అవుతుందని 1996లో షియావ్‌డాంగ్ వాంగ్ బృందం కనుగొన్నప్పుడు వారు వాడింది హీలా కణాల సారాన్ని. 1951లో హెన్రియెటా లాక్స్ అనే స్త్రీ గర్భాశయ ముఖద్వారపు కేన్సర్ నుంచి, ఆమెను అడగకుండా తీసిన ఆ కణాలు నేటికీ ప్రయోగశాలల్లో చావకుండా పెరుగుతున్నాయి. చావు మార్గాన్ని బయటపెట్టింది చావు మరిచిన కణాలేనన్నది తత్త్వవేత్తలకు అందని పరిహాసం.

కర్తను కణం లోపల వెతికేవారికి ఎదురయ్యే పెద్ద ఇబ్బంది కణం బయట ఉంది. లండన్‌కు చెందిన మార్టిన్ రాఫ్ 1992లో ఒక ప్రతిపాదన చేశాడు: బహుకణ జీవుల్లో దాదాపు ప్రతి కణమూ బతకడానికి ఇతర కణాల నుంచి నిరంతరం సంకేతాలు అందుకుంటూ ఉండాలి, అవి ఆగితే మరణమార్గం దానంతటదే తెరుచుకుంటుంది. దీనికి మొదటి ఉదాహరణ రీటా లెవీ-మోంటాల్చినీ కనుగొన్న నాడీ వృద్ధికారకం. ఎదుగుతున్న పిండంలో నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి; తాము చేరవలసిన కణజాలం పంపే ఈ పదార్థం దొరికినవి నిలుస్తాయి, దొరకనివి పోతాయి, కొన్ని చోట్ల సగం దాకా పోతాయి. అంటే చనిపోవడానికి ఆజ్ఞ అక్కర్లేదు, బతకడానికే అనుమతి కావాలి. ఆ అనుమతి రాకపోవడం ఎవరి క్రియ? పంపని కణానిదా, అందుకోని కణానిదా? అభావాన్ని కూడా ఒక పదార్థంగా గుర్తించిన వైశేషికులు ఈ ప్రశ్నను ఆసక్తిగా విని ఉండేవారు.

చావు ముగిసే ఘట్టంలో కూడా పొరుగుకణం పాత్ర తక్కువది కాదు. మింగడం శవాన్ని తొలగించే పారిశుధ్యం మాత్రమేనని మొదట అనుకున్నారు. సెడ్-3 పాక్షికంగానే పనిచేసే పురుగుల్లో, మరణలక్షణాలు చూపిన కణాలు కొన్ని తిరిగి కోలుకుంటాయనీ, మింగే జన్యువులు కూడా చెడితే అలా బతికిపోయేవి మరింత పెరుగుతాయనీ 2001లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి. మింగేవాడు చంపడంలోనూ ఒక చేయి వేస్తున్నాడన్నమాట. 2012లో డెనిస్ మోంటెల్ బృందం, కాస్పేజులు చురుకుగా పనిచేస్తూ ముడుచుకుపోయిన కణాలు సైతం, తమను చావు వైపు నెట్టిన విషపదార్థాన్ని కడిగేస్తే మళ్లీ మామూలు స్థితికి రాగలవని చూపి ఆ పునరుత్థానానికి అనాస్టాసిస్ అని పేరు పెట్టింది. ఇన్ని చేతులు పడిన పనిలో ఏ క్షణాన, ఎవరి వల్ల చావు జరిగిందని వేలు పెట్టి చూపడం సాధ్యం కాదు. కర్త లేకుండా క్రియ లేదు, క్రియ లేకుండా కర్త లేడు, కాబట్టి రెండింటిలో ఏదీ తనంతట తాను సిద్ధించినది కాదని మధ్యమకకారికల్లో వాదించిన నాగార్జునుడి దారి, ఈ విషయంలో, పాపపుణ్యాల లెక్క కంటే వాస్తవానికి దగ్గరగా ఉంది.

త్యాగమన్న వాదం ఇంకా తేలికగా కూలిపోతుంది. సెడ్-3 లేని పురుగు 131 అదనపు కణాలను మోసుకుంటూనే ఇంచుమించు సాధారణంగా బతుకుతుంది; సమష్టి కోసం ప్రాణమిచ్చాయనుకున్న కణాలు ఇవ్వకపోయినా సమష్టికి పెద్దగా ఏమీ కాలేదు. ఇంతకంటే ఇబ్బంది పెట్టే ప్రయోగం 1987 నాటిది. పురుగు గొంతులో ఎం4 అనే నాడీకణం ఆహారం మింగడానికి అవసరం. దానికి తోబుట్టువైన కణం మామూలుగా చనిపోతుంది. లియాన్ ఏవరీ, హోర్విట్జ్ ఆ తోబుట్టువు బతికిపోయిన పురుగుల్లో లేజరుతో ఎం4ను తొలగించి చూస్తే, కొన్నింటిలో ఆ తోబుట్టువే ఎం4 పనిని కొంతవరకు నడిపించింది. పనికిరానిది కాబట్టి పోయిందన్న వివరణ దీనితో చెల్లకుండా పోతుంది. అది పనికొచ్చేదే, అయినా పోయింది. ఎలుకల్లో కథ వేరు: బాక్స్, బాక్ అనే రెండు మరణజన్యువులు లేకుండా పుట్టిన ఎలుకల్లో చాలావరకు వెంటనే చనిపోతాయి, బతికినవాటి వేళ్ల మధ్య చర్మపు పొర కరగకుండా మిగిలిపోతుంది. కాబట్టి కణమరణం జీవికి అవసరమా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు, ఏ జీవిలో, ఏ అవయవంలో అని అడగాలి.

పైగా త్యాగానికి నష్టపోయేవాడు ఒకడుండాలి. ఒక శరీరంలోని కణాలన్నీ ఒకే ఫలదీకరణ అండం నుంచి వచ్చినవి, అన్నింటిలోనూ ఇంచుమించు అవే జన్యువులు. తరవాతి తరానికి వెళ్లేవి బీజకణాలు మాత్రమే గనుక, వేలి సందులో పోయిన కణం జన్యువులు బీజకణాల ద్వారా యథాతథంగా ముందుకు సాగుతాయి. బంధుత్వం ఎంత దగ్గరైతే పరోపకారం అంత తేలికగా పరిణమిస్తుందని విలియం హామిల్టన్ 1964లో గణితంతో చూపిన సూత్రానికి ఇది చిట్టచివరి కొస. మనుషులు అలాంటి ఒకే అండం సంతానం కాదు. అయినా సమాజాన్ని శరీరంతో పోల్చి, కొందరిని తలగానూ కొందరిని పాదాలుగానూ నిలబెట్టి, కిందివారు పైవారి కోసం అరిగిపోవడమే ధర్మమని చెప్పే ధోరణి ఈ దేశంలో పాతది, ఇతర దేశాల్లోనూ లేకపోలేదు; అపోప్టోసిస్ పరిచయమయ్యాక దానికి శాస్త్రీయమైన ముసుగు దొరికింది. వ్యక్తి జాతి కోసం కణంలా రాలిపోవాలని వేదికల మీద ఉద్బోధించేవారు, ఉద్బోధించేవారి కణాలే ఎప్పుడూ మిగిలే కణాలెందుకవుతాయో చెప్పరు.

బతికే వైపు నుంచి కూడా ఈ మార్గం ధార్మిక ఊహలను సవరిస్తుంది. ఫోలిక్యులర్ లింఫోమా అనే రక్తకణాల కేన్సర్‌లో పద్దెనిమిదో క్రోమోజోమ్ మీద ఉండాల్సిన బీసీఎల్-2 జన్యువు తెగి పద్నాలుగో క్రోమోజోమ్‌కు అతుక్కుంటుంది. అక్కడ ప్రతిరక్షకాలను తయారుచేసే జన్యువు పక్కన చేరి, దానితోపాటు తానూ ఎడతెగకుండా పనిచేస్తుంది. అంతవరకు కేన్సర్ జన్యువులంటే కణాన్ని వేగంగా విభజింపజేసేవనే అందరూ భావించారు. 1988లో మెల్‌బోర్న్‌లో వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ బీసీఎల్-2 విభజనను పెంచదనీ, చావును మాత్రమే ఆపుతుందనీ రుజువు చేశారు. పెరగాలన్న ఉబలాటం లేకుండా, కేవలం పోకుండా ఉండటంతోనే ఒక కణం వ్యాధికి బీజం వేయగలదు. దేహాన్ని శాశ్వతం చేసుకోవడమే సిద్ధి అనుకున్న రసవాదుల సంప్రదాయాలు ఈ సంగతి దగ్గర ఆగి ఆలోచించవలసి ఉంటుంది. అమృతత్వాన్ని దేహపు నిడివితో కొలవని ఉపనిషత్ సంప్రదాయానికి ఆ చిక్కు రాదు.

ఈ అధ్యయనం నుంచి వచ్చిన మందు వెనెటోక్లాక్స్. ఈజీఎల్-1 చేసే పనినే ఇది చేస్తుంది: బీసీఎల్-2 ప్రోటీన్ గాడిలో కూర్చొని, అది పట్టి ఉంచిన మరణమార్గాన్ని విడిపిస్తుంది. అమెరికాలో 2016లో ఒక రకం దీర్ఘకాలిక ల్యుకేమియాకు దీన్ని అనుమతించారు. ఆ ల్యుకేమియాలో దీన్ని మొదటి వారం రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఐదు వారాల్లో 400 మిల్లీగ్రాములకు పెంచుతారు. ఎందుకంటే కేన్సర్ కణాలన్నీ ఒక్కసారిగా చనిపోతే వాటి నుంచి వెలువడే పొటాషియం, ఫాస్ఫేటు, యూరిక్ ఆమ్లం రక్తంలో పేరుకొని మూత్రపిండాలు దెబ్బతిని, గుండె లయ తప్పి, రోగి ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే రక్తపరీక్షలు చూస్తూ, నీళ్లు బాగా తాగించి, మోతాదు పెంచాలో ఆపాలో వైద్యుడు నిర్ణయిస్తాడు. ఎన్ని కణాలు, ఎంత వేగంతో చనిపోవాలన్నది ఇక్కడ ఒకరికి తెలుసు, ఒకరు కోరుతున్నారు, ఒకరు ప్రయత్నిస్తున్నారు. నైయాయికులు అడిగిన మూడు లక్షణాలూ ఈ మార్గంలో తొలిసారి ఒకచోట కూడింది ఈజీఎల్-1 దగ్గర కాదు, మందు చీటీ రాసే చేతి దగ్గర. పొరపాటు జరిగితే జవాబు చెప్పాల్సిందీ ఆ చెయ్యే, పామూ కాదు, కాలుడూ కాదు.